ఇసుకకు పేరెవరు పెట్టారు?

సముద్రపు ఒడ్డున ఇసుకమీద వేలితో రాసిన పేరు ఎంతసేపు వుంటుంది? మరో అల వచ్చేదాకా. కాని ఆ ఇసుకకు మనుషులు పెట్టిన పేర్లు తరాలు దాటి నిలుస్తాయి. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం దాకా పాతిక కిలోమీటర్లకు పైగా సాగిన తీరం వెంట, తీరిక దొరికినప్పుడల్లా తిరగడం నాకు అలవాటు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక, గవ్వలకు బదులు పేర్లు ఏరుకుంటూ వుంటాను.

ఏరగా ఏరగా ఒక సంగతి బోధపడింది. ఇసుకకు తనదంటూ పేరు లేదు. పక్కనున్న కొండనో, పేటనో, ఆశ్రమాన్నో అడిగి పేరు అరువు తెచ్చుకుంటుంది.

ఊరంతా సాయంకాలం పిల్లాపాపలతో చేరే ఆర్.కె. బీచ్ సంగతే చూడండి. "ఆర్.కె. అంటే ఏమిటర్రా?" అని మా కాలేజీ పిల్లలను అడిగాను. ఒకడు ఎవరో జమీందారు అన్నాడు. మరొకడు సినిమా కంపెనీ అన్నాడు! ఒడ్డుకు ఎదురుగా రామకృష్ణ మిషన్ ఆశ్రమం వున్నది. దానివల్లనే అది రామకృష్ణా బీచ్ అయింది. వాడుకలో రెండు పొడి అక్షరాలు మిగిలి, పరమహంస మరుగున పడ్డారు.

అక్కణ్ణుంచి ఉత్తరానికి నడిస్తే పెద జాలరిపేట వస్తుంది. జాలమంటే వల, వల వేసేవాడు జాలరి. దాని పక్కనే లాసన్స్ బే. లాసన్ అన్నది ఇంగ్లీషువారి ఇంటిపేరు. దొరలు వెళ్ళిపోయినా వారి పేరు మాత్రం ఓడ ఎక్కలేదు.

పేటలో వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుణ్ణి పలకరించాను.

"ఏం తాతా, ఒడ్డు ఎప్పుడూ ఇంతేనా?"

"నేదు బాబూ. మా సిన్నప్పుడు ఇసక సానా దూరముండీది. వలలన్నీ అక్కడే ఆరబెట్టీవోళ్ళం. ఇప్పుడు తెప్ప ఎక్కడెట్టాలో తెల్డం నేదు" అన్నాడు.

ఆయన మాటలో శాస్త్రం వున్నది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ తీరాన ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణిస్తుంది. 1976లో ప్రారంభమైన ఔటర్ హార్బరుకు అలల తాకిడి లేకుండా సముద్రంలోకి రాతిగోడలు కట్టారు. నడిచే ఇసుక వాటిదగ్గర ఆగిపోతుంది. అవతలి ఒడ్డుకు కొత్త ఇసుక చేరదు, ఉన్నది కోసుకుపోతుంది. అందుకే ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి మళ్ళీ ఒడ్డున పోయవలసి వస్తున్నది.

ఇంకా ముందుకు పోతే ఋషికొండ. పేరులోనే అర్థం వున్నది. శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో ఈ ఇసుకకు దక్కింది. పేరిచ్చిన కొండనేమో 2021 తరువాత తవ్వి భవనాలు కట్టారు. కొండ తరిగిపోతే ఋషి ఎక్కడ కూర్చుంటాడు?

ఆ పైన బావికొండ, తొట్లకొండ. రెండువేల ఏళ్ళ క్రితం ఇక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. కొండమీద ఏరు పారదు కదా! వాన నీటికోసం ఒకచోట బావులు, మరొకచోట రాతిలో తొట్లు తొలిచారు. భిక్షువులు పోయారు, విహారాలు మట్టిలో కలిశాయి. కాని జనం బావినీ, తొట్టినీ మరవలేదు. తవ్వకాలు జరిపి చరిత్రకారులు బౌద్ధారామాలను వెలికి తీసింది 1980 తరువాతనే. తొట్లకొండమీద రోమను నాణేలు కూడా దొరికాయి. అంతదాకా ఆ నీటి సంగతిని జ్ఞాపకం వుంచుకున్నది ఒక్క పేరే!

చివరకు గోస్తనీనది సముద్రంలో కలిసే భీమునిపట్నం. బకాసురుణ్ణి చంపిన భీముడి ఊరని జనం చెప్పుకుంటారు. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు వచ్చి వర్తకం చేశారు. వారి సమాధులు ఇప్పటికీ వున్నాయి. అయినా జనం నోట నిలిచింది భీముడే. ముద్దుగా భీమిలి అయినాడు!

ఇసుక పోతే తోడి తెచ్చి పోసుకోవచ్చు. కొండనూ, తొట్టినీ, జాలరిపేటనూ ఏ డ్రెడ్జరుతో తోడి తెస్తాం? అవి పోయిననాడు పేర్లు ఆర్.కె.లాగా అర్థంలేని అక్షరాలై మిగులుతాయి.

ఈసారి పిల్లలతో బీచికి వెళ్ళినప్పుడు, సముద్రాన్ని తనివితీరా చూడనిచ్చి, ఒక్కసారి వెనక్కి తిరగమనండి. ఆ తీరం పేరు అక్కడ వుంటుంది.