రెండు రంగుల స్వెట్టరు – వెనక పోగుల సంగతి

చలికాలం వస్తోందంటే ఊలూ, సూదులూ చేతికొస్తాయి కదూ! రెండు రంగుల పువ్వులు వేసి పాపాయికి ముచ్చటగా స్వెట్టరు అల్లుతాం. తీరా తొడగబోతే చెయ్యి దూరదు! కొలతా సరే, కుట్ల లెక్కా సరే. మరి లోపం ఎక్కడ? తిరగేసి చూడండి. వెనక పోగులు బిగుసుకుపోయి ఉంటాయి.

స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లండు దీవుల్లో ఒకటైన ఫెయిర్ ఐల్ పేరుతో ప్రసిద్ధమైన అల్లిక ఇది. వరుసకు రెండే రంగులు. ఒక రంగుతో అల్లుతుంటే రెండోది వెనకనుంచి నడుస్తుంది. కుట్టు ఉచ్చులాంటిది కాబట్టి లాగితే సాగుతుంది. తిన్నగా పోయే పోగు సాగదు.

అందుచేత రంగు మార్చే ముందు కుడి సూది మీది కుట్లను వేళ్లతో కాస్త వెడల్పుగా పరచండి. ఆ వెడల్పుకు సరిపడా పోగు వదిలి, తర్వాతి కుట్టు వేయండి. అలాగని వేలాడనివ్వకండి, పసివాళ్ల వేళ్లు చిక్కుకుంటాయి. పోగు 5 కుట్లు దాటితే, మధ్యలో ఒకసారి అల్లే దారంతో మెలివేయండి. పై వరుసలో మళ్లీ అదే చోట మాత్రం వద్దు. ఆ రంగు ముందువైపుకు తొంగిచూస్తుంది.

ముందుగా చిన్న ముక్క అల్లి, సాగదీసి చూసుకోండి. ముక్క విప్పడం తేలికే. స్వెట్టరంతా విప్పాలంటేనే ప్రాణం ఉసూరుమంటుంది!