ఆకాశంలో పైలట్‌కు జబ్బు చేస్తే?

బస్సు నడిపేవాడికి ఒంట్లో బాగుండకపోతే చెట్టు నీడన బండి ఆపుకోవచ్చు. ఆకాశంలో విమానం నడిపేవాడికి గుండె నొప్పి వస్తే? విమానం ఎక్కినవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం కలిగే వుంటుంది.

2009 జూన్ 18న బ్రస్సెల్స్ నుంచి అమెరికాలోని నెవార్క్‌కు 247 మంది ప్రయాణీకులతో పోతున్న విమానంలో ఇదే జరిగింది. అరవయ్యేళ్ల కెప్టెన్ అట్లాంటిక్ సముద్రం మీద వుండగానే మరణించాడు. మిగిలిన పైలట్లిద్దరూ విమానాన్ని క్షేమంగా దించారు. దిగేదాకా చాలామందికి సంగతే తెలియదు.

చిత్రమేమిటంటే, 1972లో అదే జూన్ 18న లండన్ నుంచి అదే బ్రస్సెల్స్‌కు బయలుదేరిన ట్రైడెంట్ విమానం మూడు నిమిషాలైనా కాకముందే స్టెయిన్స్ దగ్గర కూలిపోయింది. 118 మందిలో ఒక్కరూ దక్కలేదు. తగిన వేగం రాకముందే రెక్కల ముందంచు భాగాలను ముడిచివేయడం ప్రమాదానికి కారణం. కెప్టెన్‌కు గుండెజబ్బు వున్నట్లు శవపరీక్షలో తేలింది. ఆ బాధవల్ల ఆయన ఏకాగ్రత, వివేచన దెబ్బతిన్నాయని విచారణలో నిర్ణయించారు.

మొదటి కెప్టెన్ స్థితి పక్కవారికి తెలిసింది. రెండవ ఆయన కుర్చీలో కూర్చునే వున్నాడు. బుద్ధి మాత్రం మందగించింది. ప్రమాదమంతా అక్కడే వున్నది! అందుకే రెండుసార్లు హెచ్చరించినా సరైన జవాబు రాకపోతే, ఎంత పెద్దవాడైనా సరే, పక్క పైలట్ విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలని ఇప్పుడు నేర్పుతారు.

తిండి విషయంలోనూ జాగ్రత్త వున్నది. 1975లో కోపెన్‌హేగెన్‌కు పోతున్న జపాన్ విమానంలో ఉదయపు ఫలహారం తిన్న సుమారు 200 మంది వాంతులతో విరేచనాలతో పడిపోయారు. వంటవాని వేలి మీది పుండే దీనికి మూలం. పైలట్లు ఆ ఫలహారం తినకపోవడం అందరి అదృష్టం! పైలట్లిద్దరికీ వేర్వేరు వంటకాలు పెట్టే ఆచారం చాలా సంస్థలలో వున్నది.

మన దేశంలో విమాన సంస్థల పైలట్లకు సాధారణంగా ఏడాదికొకసారి, అరవై దాటితే ఆరునెలలకొకసారి వైద్యపరీక్ష జరుగుతుంది. అరవై అయిదుతో సరి. మామూలు జలుబు కూడా వారికి చిన్న విషయం కాదు. విమానం దిగేటప్పుడు చెవిలో భరించరాని పోటు పుట్టవచ్చు. జలుబు మాత్ర నిద్రమత్తు తేవచ్చు.

ఐతే పరీక్ష జరిగిన మర్నాడు వచ్చే జబ్బును డాక్టరు చూడలేడు. దానిని పైలటే చెప్పుకోవాలి. చెబితే లైసెన్సు పోతుందేమో, ఇల్లు గడవదేమోనన్న భయం అతనికి వుండదా? 2015లో ఒక జర్మన్ కో-పైలట్ తన మనోవ్యాధిని, పనికి తగడని డాక్టరు ఇచ్చిన కాగితాన్ని దాచి విమానం ఎక్కాడు. కావాలనే దానిని ఆల్ప్స్ పర్వతాలకు ఢీకొట్టించాడు. 150 మంది పోయారు. మనోవ్యాధి వున్నవారందరూ ఇలాంటివారని కాదు. చికిత్స చేయించుకొని తిరిగి విమానం నడిపేవారూ వున్నారు. దాపరికమే ప్రమాదం.

"ఈవేళ నాకు ఒంట్లో బాగాలేదు, రాలేను" అని చెప్పడానికి పైలట్‌కు ధైర్యం కావాలి. ఆ మాట అన్నందుకు అతని పొట్ట కొట్టకుండా చూడడం యజమానుల ధర్మం. ఈసారి పైలట్ రాక విమానం ఆలస్యమైతే మనం కూడా కాస్త ఓపిక పడదాం. ఆ ఆలస్యం మన క్షేమం కోసమే కావచ్చు.