ఫ్లూ జ్వరం ఇల్లంతా పాకకుండా చూసుకోవడం



పైరుకు తెగులు సోకితే ఏం చెయ్యాలో మనం తరచు చెప్పుకొంటూనే ఉంటాం. ఈ వేళ ఇంటికి సోకే తెగులు ఒకదాన్ని గురించి చెప్పుకొందాం. అదే ఇన్‌ఫ్లుయెంజా, మన వాడుకలో ఫ్లూ జ్వరం. “జ్వరం సంగతి డాక్టరుగారు చెప్పాలి గాని, వ్యవసాయం ఆయనకెందుకు?” అంటారేమో. కారణం ఉన్నది. మన దేశంలో ఈ జ్వరం ఏటా రెండుసార్లు ముమ్మరిస్తుంది. వానకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరొకసారి. మొదటిది వరినాట్ల అదను. రెండోది సంక్రాంతి రాకపోకలు, యాసంగి నాట్లు ఉండే కాలం. అంటే పనికి చేతులు చాలని రోజుల్లోనే ఇది మనుషులను మంచాన పడేస్తుంది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1918లో బొంబాయి రేవులో మొదలై దేశమంతా పాకి, కోటిమందికి పైగా పొట్టన పెట్టుకొన్నది. 1957 మే నెలలో సింగపూరు నుంచి వచ్చిన ఓడతో మద్రాసులో దిగింది. 2009 మే నెలలో కొత్తరకం ఫ్లూ మన దేశంలో మొదట హైదరాబాదులోనే బయటపడింది. అది విమానంలో వచ్చిన ప్రయాణికునితో వచ్చింది. గమనించారా? ఏ ఏడు చూసినా దాన్ని మోసుకొచ్చింది మనిషే. మన గడపలోకి వచ్చేదీ అలాగే.

రోగి దగ్గినా, తుమ్మినా, దగ్గరగా మాట్లాడినా సన్నని తుంపర్లు లేస్తాయి. వాటిలో వైరస్ అనే సూక్ష్మక్రిమి ఉంటుంది. ముక్కు తుడిచిన చేతితో చెంబు ముట్టుకొంటే చెంబుకు అంటుతుంది. అలాంటి గట్టి వస్తువుల మీద అది ఒకటి రెండు రోజులు కూడా బతకగలదు. సోకిన తర్వాత ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు, పొడిదగ్గు, నీరసం కనబడతాయి. చిక్కేమిటంటే, జ్వరం తెలియడానికి ఒకరోజు ముందు నుంచే మనిషి ఇతరులకు అంటించగలడు. ఆ తర్వాత దాదాపు వారం దాకా ఆ ప్రమాదం ఉంటుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక వానకాలం నాకు జ్వరం తగిలింది. మాత్ర వేసుకొన్నాను, తగ్గింది. సమావేశం ఆపడమెందుకని వెళ్ళాను. బయట వాన, తలుపులు, కిటికీలు మూసి గంటసేపు దగ్గుకుంటూనే మాట్లాడాను. మూడోనాటికి ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన మంచమెక్కారు. తర్వాత వారి కోడలు, మనుమడు. ఆ అమ్మాయితో కలిసి నాట్లకు పోయే ముఠాలో మరి నలుగురు. ఆ ఇంటి నారు మడిలోనే ముదిరిపోయింది. ఆలస్యంగా నాటితే కుదుళ్ళకు పిలకలు తగ్గాయి. పెద్దాయన కోలుకోవడానికి నెల పట్టింది. నావల్లనే వచ్చిందని రుజువేమీ లేదు. కాని ఆ ఇంటి మీదుగా పోయినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మాత్ర జ్వరాన్ని దించుతుంది గాని, అంటించే గుణాన్ని తీసివేయదు. ఈ ఒక్క మాట మరచిపోకండి.

ఇక ఇంట్లో ఏం చెయ్యాలి?

మొదటిది, వేరు పడక. గది లేకపోతే వసారాలో వాన జల్లు పడని చోట మంచం వేయండి. గాలి, వెలుతురు రానివ్వండి, పొయ్యి పొగ తగలనివ్వకండి. రెండోది, సేవ చేసేది ఒక్కరే కావాలి. గర్భిణులు, ముసలివారు, ఉబ్బసం, చక్కెరజబ్బు ఉన్నవారు ఆ పని పెట్టుకోరాదు. దగ్గరకు పోయేటప్పుడు ఇద్దరూ మాస్కు కట్టుకోవాలి. 2020లో కరోనా నేర్పిన అలవాటే కదా! మూడోది, సబ్బు. ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు గిన్నె జిడ్డును వదిలించినట్లే ఆ పొరను చీలుస్తుంది. అందుకని వట్టి నీళ్ళతో తొలిచి వదిలేయక, ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దండి. నాలుగోది, రోగి చెంబు, కంచం, తువ్వాలు వేరు.

“లంఖణం పరమౌషధం” అని కడుపు మాడ్చకండి. గంజి, జావ, మజ్జిగ, కాచి చల్లార్చిన నీళ్ళు కొద్దికొద్దిగా తరచు ఇవ్వండి. బాలింత చేతులు కడుక్కొని, మాస్కు కట్టుకొని బిడ్డకు పాలు ఇవ్వవచ్చు. పిల్లలకు ఆస్పిరిన్ మాత్ర ఇవ్వరాదు. ఏంటీబయాటిక్ మందులు వైరస్ మీద పనిచేయవు. కాబట్టి ఇంజెక్షను వేయమని డాక్టరును బలవంతపెట్టకండి. ఫ్లూకు పనిచేసే ఒసెల్టామివిర్ మందు వైద్యుడే రాయాలి. రెండు రోజుల్లోగా మొదలుపెడితే గుణం ఎక్కువ. ముసలివారు, గర్భిణులు, పసివారు ఉన్న ఇళ్ళవారు ఏటేటా వేయించుకొనే ఫ్లూ టీకాను గురించి డాక్టరును ముందే అడగండి.

కొన్ని గుర్తులు కనబడితే ఇంటి వైద్యం చాలించి, 108కి ఫోను చేయండి. ఆయాసం, ఛాతీనొప్పి, పెదవులు నీలబడడం, మగతగా ఉండడం, తగ్గిన జ్వరం దగ్గుతో మళ్ళీ తిరగబెట్టడం, ఇవీ ఆ గుర్తులు. పసివారికి గడియారం పెట్టి ఊపిరి లెక్కించండి. రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది దాటి అయిదేళ్ళ లోపు బిడ్డ 40 సార్లు, అంతకన్న ఎక్కువ పీలుస్తుంటే ఆలస్యం చేయకండి. రెండు నెలల లోపు పసికందుకు జ్వరం వస్తేనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇంకొక మాట. వానకాలం జ్వరమల్లా ఫ్లూ కాదు. మలేరియా, డెంగీ ఉన్నాయి, మడినీటిలో పనిచేసేవారికి ఎలుకజ్వరం ఉన్నది. జ్వరం మూడు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించండి.

పొలంలో సంగతి. ఒకే ముంతను అందరూ నోట పెట్టుకోకండి, ఒకరు తాగిన బీడీ ఇంకొకరు అందుకోకండి. ఎవరి నీళ్ళు వారే తెచ్చుకోవాలి. మాత్ర వేసుకోకుండానే జ్వరం విడిచి ఒక రోజు గడిచేదాకా పనికి రావద్దు. అయితే కూలికి వచ్చే ఆడబిడ్డ జ్వరం దాచుకొని ఎందుకు వస్తుంది? రేపు తనను పిలవరేమోనన్న భయంతో. అందుకని రైతులే ముందుగా చెప్పండి: “తగ్గాక రామ్మా, నీ చోటు నీకుంటుంది” అని. చేతనైతే ఒకటి రెండు రోజుల కూలి ముందుగా ఇవ్వండి. ముఠా అంతా పడిపోతే అయ్యే నష్టంతో పోలిస్తే అదెంత?

నా తోటి విస్తరణ కార్యకర్తలకు కూడా మనవి. జ్వరాల రోజుల్లో సమావేశాలు చెట్టు కింద పెట్టండి. ఒకే వాడలో నాలుగిళ్ళు పడకేస్తే ఆశా కార్యకర్తకు కబురు చేయండి. మీకే జ్వరమైతే ఇంటి దగ్గర ఉండండి. సమావేశం వచ్చే వారం పెట్టుకోవచ్చు.