మూడు పాదముల వసంతము

జపాను దేశమున చలి పూర్తిగా తగ్గక పూర్వమే ‘ఉమె’ అను చెట్టు పుష్పించును. ఆకులు లేని నల్లని కొమ్మలపై తెల్లని పువ్వులను చూచి, వసంతము వచ్చినదని జనులు సంతసింతురు. పిదప మార్చి మాసాంతమున టోక్యో నగరప్రాంతమందు ‘సకురా’ వృక్షములు నిలువెల్ల పూచును. ఆ పూవుల ఆయువు వారము పది దినములు మాత్రమే. గట్టి గాలివాన వచ్చినచో అదియు లేదు. నేడు చూడనివానికి రేపు ఆ శోభ దొరకదు. ఇట్లు చూచుచుండగనే జారిపోవు అందమును నిలుపుటకు జపానీయులు ఏర్పరచుకొనిన చిన్న పద్యమే హైకూ.

హైకూ పదునేడు మాత్రల పద్యము. దానిలో అయిదు, ఏడు, అయిదు మాత్రలుగా మూడు భాగములుండును. దీర్ఘమునకు రెండు మాత్రలు లెక్కించుట తెలుగు ఛందస్సునందు వలెనే జపాను భాషయందును కలదు. ‘టోక్యో’ అను పేరొక్కటియే వారి లెక్కలో నాలుగు మాత్రలగును. దీనినిబట్టి కవికి దొరకు చోటు ఎంత స్వల్పమో ఊహింపవచ్చును. దీర్ఘమైన వర్ణనలకు అందు తావు లేదు. ‘ఎంత మనోహరము!’ అని పలుకుటకు మారుగా, మనస్సును హరించిన వస్తువును చూపి కవి తప్పుకొనవలెను.

సంప్రదాయము ననుసరించి హైకూలో ఒక ఋతుపదము ఉండవలెను. కోయిల అనగానే తెలుగువారికి వసంతము స్ఫురించును గదా! అట్లే హైకూలో ‘పువ్వు’ అని మాత్రమే అన్నచో అది సకురా పువ్వే, కాలము వసంతమే. తెలుగునాట వానకాలమును తలపించు కప్ప, జపాను కవులకు వసంతమునకు గుర్తు. ఇట్టి పదములను ఋతువుల వారిగా కూర్చిన గ్రంథములను ‘సైజికి’ అందురు.

పూర్వము ఈ పద్యమునకు ‘హొక్కు’ అని పేరు. పలువురు కవులు కూడి గొలుసుగా అల్లు కవితలో అది మొదటి పద్యము. బషో (1644–1694) మున్నగు మహాకవులు దానికి గౌరవము కలిగించిరి. దానిని గొలుసునుండి విడదీసి, స్వతంత్ర కవితగా నిలిపి, హైకూ అను పేరును స్థిరపరచినవాడు మసఓక షికి.

షికి 1867లో మత్సుయమ పట్టణమున జన్మించెను. 1889లో ఆయనకు క్షయవ్యాధి వలన నోటివెంట నెత్తురు పడెను. కూసి కూసి నెత్తురు కక్కునని జపానీయులు చెప్పుకొను పక్షి యొకటి కలదు. ‘షికి’ అనునది ఆ పక్షి పేరే. దానినే ఆయన తన కలము పేరుగా గ్రహించెను. వ్యాధి వెన్నెముకకు ప్రాకగా, కడపటి సంవత్సరములలో ఆయన పడక విడిచి నడువజాలక పోయెను. టోక్యోలోని నెగిషి పేటలో ఒక చిన్న ఇంట తల్లియు, చెల్లెలు రిత్సుయు ఆయనకు పరిచర్య చేసిరి.

వసంతశోభను చూచుటకు నదీతీరములకు, కొండలకు పోవలేని వానికి ఇక కవిత్వ మెక్కడిది? అట్లని షికి నిరాశ చెందలేదు. చిత్రకారుడగు ఒక మిత్రుని వలన ఆయన ఒక సూత్రము గ్రహించియుండెను. చిత్రకారుడు వస్తువును ఎదుట నుంచుకొని, ఉన్నది ఉన్నట్లు గీయును. కవియు అట్లే చేయవలెనని షికి బోధించెను. 1899 చివర శిష్యుడగు క్యోషి, గదికి తోటవైపున అద్దపు తలుపులు పెట్టించెను. నాటినుండి షికి పడకపై నుండియే తోటను చూడగలిగెను. ఆ తోట మిక్కిలి చిన్నది. అందలి కోడిజుట్టు పూలు, పాదున ప్రాకిన తీగలు, వచ్చిపోవు పక్షులు ఆయనకు కవితావస్తువు లయ్యెను. 1901 వసంతమున ప్రక్కనున్న పూజాడిలోని ‘ఫుజి’ పూగుత్తిపై ఆయన పద్యముల వరుసయే వ్రాసెను.

1902 మే 5 నుండి ‘ఆరడుగుల రోగశయ్య’ అను శీర్షికతో ఆయన వ్రాతలు ‘నిప్పొన్’ పత్రికలో వెలువడెను. అవి మొత్తము 127 భాగములు. చేయి ఆడని దినములలో చెప్పి వ్రాయించెను. సెప్టెంబరు 17న కడపటి భాగము అచ్చయినది. ఆ మరునాడు ఆయన కుంచె పట్టి మూడు హైకూలు వ్రాసెను. అవి నేతిబీరను గూర్చినవి. దాని తీగరసము కఫమునకు మందని ఆ దేశమున వాడెడివారు. 19వ తేదీ తెల్లవారక మునుపే షికి మరణించెను. ముప్పది యైదేండ్లు నిండని ఆ జీవితమున ఆయన వ్రాసిన హైకూలు ఇరువది వేలకు పైబడినవి.

ప్రతిదినము వ్రాయుటవలన ప్రయోజన మేమి? వ్రాయవలెనను నియమమున్నవాడు చూడక తప్పదు. నిన్నటి మొగ్గ నేడు మొగ్గగా ఉండదు. ఆ స్వల్పభేదమును పట్టుటయే హైకూకు మూలధనము. నేడు మత్సుయమ నగరమున హైకూలు వేయుటకై వీధులలో పెట్టెలు అమర్చబడియున్నవి. పండితుడైనను, బాలుడైనను తన పద్యమును వానిలో వేయవచ్చును.

తెలుగున ఇస్మాయిల్ మొదలగు కవులు హైకూలు వ్రాసిరి. విద్యార్థులును ప్రయత్నింపవచ్చును. మోదుగ పూచినప్పుడు ‘అగ్నివలె నున్నది’ అని వ్రాయుట పుస్తకములనుండి నేర్చిన మాట. ఏటియొడ్డున నిలిచి చూచినవాడు ఇట్లు వ్రాయవచ్చును:

నీటిపై
మోదుగ పూవు
చీమతో

ఇందు అయిదు, ఏడు, అయిదు మాత్రలు కలవు. మోదుగ ఋతువును తెలుపుచున్నది. చీమపై జాలి చూపుమని కవి చెప్పలేదు. అయినను అది గట్టు చేరునో లేదో అని చదువరి మనస్సు ఆ పూవు వెంట పోవును. ఒక చిన్న పుస్తకమున దినమున కొకటి చొప్పున ఇట్టివి వ్రాసిన బాలుడు, ఏడాది గడచునప్పటికి తన ఊరి చెట్లను, పిట్టలను పేరుపేరున ఎరిగినవాడగును.