ముర్రుపాలలోని రక్షణ బిడ్డకు ఎలా చేరుతుంది?

కాన్పు అయిన మొదటి రెండు మూడు రోజులు తల్లికి వచ్చే చిక్కటి, పసుపుపచ్చని పాలను ముర్రుపాలు అంటాము. ఇవి కొద్దిగానే, చెంచాల లెక్కన వస్తాయి. "అవి చెడ్డపాలు, బిడ్డకు అరగవు" అని పిండి పారబోయించే పెద్దలు ఇంకా ఉన్నారు. అలా పారబోస్తున్నది ఏమిటో తెలుసుకుందాం.

రోగక్రిములతో పోరాడే యాంటీబాడీలలో ఐజిజి అనే రకం కడుపులో ఉండగానే మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. ఐజిఎ అనే రకం మాయను దాటలేదు. పేగుల్లో, గొంతులో క్రిములను అడ్డుకునేది ముఖ్యంగా ఇదే. బిడ్డ దీన్ని సొంతంగా తగినంత తయారు చేసుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. అంతవరకు తల్లిపాలే ఆధారం.

ఐజిఎను తయారుచేసే కణాలు తల్లి రొమ్ములోనే ఉంటాయి. పాలు ఊరే చోటికీ వీటికీ మధ్య ఒక వరుస కణాలు గోడలా అడ్డుగా ఉంటాయి. ఆ గోడ కణాలు వెనుకవైపున రిసెప్టర్ అనే ప్రోటీన్‌ను కొక్కెంలాగా నిలబెడతాయి. ఐజిఎ వచ్చి దానికి తగులుకుంటుంది. కణం రెంటినీ చిన్న సంచిలో పెట్టి, తన గుండా పాలవైపుకు మోసుకుపోతుంది. అక్కడ ఒక ఎంజైము ఆ రిసెప్టర్‌ను కత్తిరిస్తుంది. మొదలు కణంలోనే ఉండిపోతుంది, పైభాగం ఐజిఎను అంటిపెట్టుకునే పాలలో పడుతుంది.

అంటే ఒక్కో రిసెప్టర్ ఒక్క ప్రయాణానికే పనికివస్తుంది. మాయలో ఐజిజిని మోసే రిసెప్టర్ అయితే మళ్ళీ మళ్ళీ పనిచేస్తుంది. మరి ఇక్కడ ఇంత దుబారా ఎందుకు? సృష్టికర్త ఏర్పాటులో ఆ తెగిన ముక్క కూడా వృథా కాదు. అది ఐజిఎకు చుట్టుకొని, పేగులోని జీర్ణరసాలు దాన్ని త్వరగా అరిగించకుండా కాపాడుతుంది. ఐజిఎ లేకుండా వట్టిగా తెగిపడిన ముక్కలు సైతం పాలలో ఉండి కొన్ని క్రిములను పట్టుకుంటాయి.

ఇంకొక సంగతి. తల్లి పేగుల్లో అక్కడి క్రిములను గుర్తుపట్టిన కణాలే రక్తం ద్వారా రొమ్ముకు చేరతాయి. అందువల్ల ఆ ఇంటి నీటిలో, తిండిలో ఉండే క్రిములకు తగిన ఐజిఎ ఆ తల్లి పాలలో ఉంటుంది. ఏ డబ్బాపాలలోనూ ఇది దొరకదు.

కాబట్టి పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించండి. సిజేరియన్ అయినా సరే, సిస్టర్‌ను అడిగితే పక్కన ఉండి పట్టిస్తారు. తేనె నాకించడం, పంచదార నీళ్ళు, గాడిదపాలు పట్టడం వద్దు. ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రాణాపాయం కూడా కావచ్చు. తల్లికి హెచ్ఐవి ఉంటే డాక్టరు చెప్పిన ప్రకారం మందులు వాడుతూ పాలివ్వాలి. బిడ్డను ఇంక్యుబేటర్‌లో పెట్టినప్పుడు తల్లి చేతులు కడుక్కుని, మరిగించిన గిన్నెలోకి ముర్రుపాలు పిండి ఇవ్వవచ్చు. వాటిని కాచకండి. మింగగలిగే బిడ్డకు సిస్టర్లు ఉగ్గుగిన్నెతో పడతారు.