డెడ్‌లాక్‌ని నలుగురు కూర్చుని విప్పితే

మనది పుత్తూరు అని చెప్తే బయట జిల్లాల వాళ్లు వెంటనే అడిగేది, "కట్టు కట్టే ఊరేనా?" అని. అవును, ఆ ఊరే. ఎముక విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వస్తారు. కట్టు కట్టే ఆయన చేత్తో తడిమి చూస్తాడు. ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ. ఆ కట్టు మేలా, ఎక్స్‌రే తీయించుకుని ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి పోవడం మేలా అనేది వేరే చర్చ. నా ప్రశ్న ఇంకోటి. ఆ వేళ్లకు ఉన్న తెలివిని మన మిడ్ ఎగ్జామ్‌లో ఎన్ని మార్కులకు కొలుస్తాం?

ఇలాంటి ప్రశ్నే అడిగిన మనిషి హోవార్డ్ గార్డనర్, హార్వర్డ్ సైకాలజిస్ట్. 1983లో 'ఫ్రేమ్స్ ఆఫ్ మైండ్' అనే పుస్తకం రాశాడు. తెలివి అంటే ఒక్కటే నంబర్ కాదు, చాలా రకాలు ఉంటాయి అన్నాడు. మొదట ఏడు చెప్పాడు, తర్వాత ఎనిమిదోది కలిపాడు. డీఎస్సీకి చదివే అక్కల్ని అడగండి, "బహుళ ప్రజ్ఞా సిద్ధాంతం" అని టక్కున చెప్తారు. వాళ్లకు అదొక బిట్టు. మనకు అది ఎందుకు పనికొస్తుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ ఎనిమిది పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. మన వైపు ద్రౌపదమ్మ గుడి దగ్గర జరిగే భారతం తిరునాళ్ల గుర్తు తెచ్చుకుంటే చాలు. పగలు హరికథ చెప్పే ఆయనది భాషా ప్రజ్ఞ, రాగం తీస్తాడు కాబట్టి సంగీత ప్రజ్ఞ కూడా. రాత్రి వీధి నాటకంలో గంతులేసే వాళ్లది, తపస్సు మాను ఎక్కే అర్జునుడిది శారీరక ప్రజ్ఞ. నేల మీద అంత పెద్ద దుర్యోధనుడి మట్టి బొమ్మను కొలత తప్పకుండా పోసేవాళ్లది ప్రాదేశిక ప్రజ్ఞ, అంటే స్థలాన్ని, ఆకారాన్ని మనసులో చూడగలగడం. చందాల లెక్క చూసే ఆయనది తార్కిక-గణిత ప్రజ్ఞ. అలిగిన రెండు వీధుల వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే పెద్దమనిషిది ఎదుటివాళ్ల మనసు తెలిసిన ప్రజ్ఞ. నిష్ఠగా ఉండి అగ్నిగుండం తొక్కేవాళ్లది తమ మనసు తమకు తెలిసిన ప్రజ్ఞ. ఇంక మబ్బు చూసి, "ఈ పొద్దు నాటకానికి వాన అడ్డొస్తుంది" అనే రైతుది ప్రకృతి ప్రజ్ఞ.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. అక్షరం ముక్క రాని అవ్వలకు కూడా భారతం మొత్తం వచ్చు. వాళ్లు దాన్ని పుస్తకంలో చదవలేదు. ఒకే కథ మాటగా, పాటగా, ఆటగా, బొమ్మగా ఎన్నో దారుల్లో వాళ్ల దగ్గరికి వచ్చింది. ఊరంతా కలిసి చేసింది కాబట్టే అన్ని దారులు కుదిరాయి.

అయితే ఒక హెచ్చరిక. గార్డనర్ థియరీని చాలామంది సైకాలజిస్టులు ఒప్పుకోరు. ఇవి విడివిడి తెలివితేటలు అనడానికి ప్రయోగాల సాక్ష్యం చాలదు, ఒక పరీక్షలో బాగా చేసినవాళ్లు మిగతావాటిలోనూ బాగా చేయడం ఎక్కువ అని వాళ్ల వాదన. ఇంకో గందరగోళం కూడా ఉంది. "నేను విజువల్ లెర్నర్‌ని, నాకు బొమ్మ వేస్తేనే ఎక్కుతుంది" అంటుంటాం కదా, అది గార్డనర్ మాట కాదు. తన థియరీ, లర్నింగ్ స్టైల్స్ ఒకటి కావని ఆయనే రాశాడు. 2008లో నలుగురు సైకాలజిస్టులు ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి, ఎవరి స్టైల్‌కి తగ్గట్టు వాళ్లకు చెప్తే ఎక్కువ నేర్చుకుంటారు అనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు.

మరి మిగిలేది ఏంది? మనుషులకు లేబుల్ అంటించడం వదిలేసి, పాఠానికి దారులు పెంచడం. వాడు బొమ్మల వాడు, వీడు లెక్కల వాడు అని విడదీయకుండా, అందరూ అన్ని దారుల్లో ఒకసారి నడిచేలా చూడడం. దానికి టీమ్ కావాలి.

ఇది మన పక్కనే జరిగింది. పాత చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ స్కూల్ ఉంది. దాని చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపారు. ఒకటే గది, ఒకరిద్దరు టీచర్లు, ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలంతా అక్కడే. లెక్చర్ ఇస్తే ఎవరికి ఇవ్వాలి? అందుకని పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా కోశారు. ఒక్కో కార్డు మీద ఒక గుర్తు. గోడ మీద నిచ్చెన లాంటి చార్టు చూసి, తను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లాడే తెలుసుకుని తన కార్డు తీసుకుంటాడు. కొన్ని గుంపులకు టీచర్ సాయం పూర్తిగా ఉంటుంది, కొన్నింటికి కొంచెం, కొన్నింటిలో పిల్లలే ఒకరికొకరు నేర్పుకుంటారు. పాటలు, ఊరి కథలు, తోలుబొమ్మలు, లెక్కల ఆటలు అన్నీ ఆ మెట్లలోనే వస్తాయి. ఈ పెట్టెకు 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' అని పేరొచ్చింది. 1995లో కర్ణాటకలో మొదలైన 'నలి కలి'కి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తర్వాత తమిళనాడు అంతా పోయిన యాక్టివిటీ బేస్డ్ లర్నింగ్‌కి మూలం ఇదే. మన జిల్లా పల్లె బడి నుంచి రెండు రాష్ట్రాలు నేర్చుకున్నాయి. ఇంజనీరింగ్ క్లాసులో మనం నేర్చుకోలేమా?

"మాకూ టీమ్ ప్రాజెక్టులు ఉన్నాయి కదా" అనొచ్చు. ఉన్నాయి. నలుగురి బ్యాచ్‌లో ఒకరు టైప్ చేస్తారు, ఒకరు పీపీటీ చేస్తారు, మిగతా ఇద్దరు పేరు రాయిస్తారు. దాన్ని టీమ్ యాక్టివిటీ అనలేం, పని పంచుకోవడం కూడా కాదు. ఒకరు లేకపోతే మిగతావాళ్ల పని ఆగిపోవాలి. చివర్లో ఎవరి పరీక్ష వాళ్లే రాయాలి. ఈ రెండూ ఉంటేనే అది టీమ్.

ఈ రెండూ కుదిరిన పద్ధతికి జిగ్సా అని పేరు. 1971లో అమెరికాలో ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ మొదలుపెట్టాడు. అప్పుడే తెల్లవాళ్ల, నల్లవాళ్ల, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే బడిలో కలిపారు. గొడవలు, పోటీ ఎక్కువగా ఉండేవి. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తే, పక్కవాడి మాట వినక తప్పదు కదా అన్నది ఆయన ఆలోచన.

మన ఓఎస్ సబ్జెక్టులో డెడ్‌లాక్ దీనికి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. డెడ్‌లాక్ రావాలంటే నాలుగు కండిషన్లు ఒకేసారి ఉండాలి: మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్, హోల్డ్ అండ్ వెయిట్, నో ప్రీఎంప్షన్, సర్క్యులర్ వెయిట్. క్లాసులో 60 మంది ఉంటే నలుగురి టీములు 15. ప్రతి టీమ్‌లో ఒక్కొక్కరికి ఒక్కో కండిషన్. ఒకే కండిషన్ వచ్చిన 15 మంది ఐదుగురు చొప్పున మూడు గుంపులై 15 నిమిషాలు దాన్ని నమిలేస్తారు. తర్వాత సొంత టీమ్‌కి వచ్చి మిగతా ముగ్గురికి చెప్తారు.

చెప్పడం అంటే పీడీఎఫ్ చదవడం కాదు. నలుగురూ గుండ్రంగా కూర్చోండి. మధ్యలో ప్లేటు ఉప్మా, ఇద్దరిద్దరి నడుమ ఒక చెంచా, మొత్తం నాలుగే. తినాలంటే ఒక్కొక్కరికి రెండు చెంచాలు కావాలి. అందరూ ఒకేసారి ఎడమవైపు చెంచా తీసుకోండి. అయిపోయింది, ఇంక ఎవ్వరూ తినలేరు. డైక్‌స్ట్రా 1965లో ఇచ్చిన లెక్కకు ఇది హాస్టల్ రూపం.

ఇప్పుడు ఒక్కొక్కరు తమ కండిషన్‌ని పగలగొట్టాలి. "గోడ మీద మెనూ అయితే నలుగురం ఒకేసారి చూడొచ్చు, చెంచా అట్లా కుదరదు" అని ఒకరు. "రెండూ దొరికితేనే తీసుకుందాం, లేకుంటే ముట్టుకోవద్దు" అని ఇంకొకరు. "వడ్డించే అన్న వచ్చి ఒకరి చేతిలోది లాక్కోవచ్చు అనుకుందాం" అని మూడో మనిషి. "నేనొక్కణ్ని ముందు కుడివైపుది తీసుకుంటా" అని నాలుగో మనిషి; అంతే, వలయం తెగిపోతుంది. ఆడినవాళ్లే తర్వాత రిసోర్స్ గ్రాఫ్ గీయాలి, అల్గారిథమ్ రాయాలి, నాకు ఇంకా ఎక్కడ అర్థం కాలేదో ఒక్క లైన్ రాసుకోవాలి. వచ్చే వారం ఇంకో టాపిక్‌లో పాత్రలు మారాలి. చివరి పది నిమిషాలు విడివిడిగా చిన్న పరీక్ష.

దీంతో అందరికీ సెంటమ్ వస్తుందని నేను చెప్పను. గోల అవుతుంది, సిలబస్ ఒక గంట వెనక పడుతుంది, మాట్లాడని వాళ్లు మొదట్లో బిగుసుకుపోతారు. కానీ ఇప్పుడు జరుగుతున్నదాని ఖరీదు కూడా లెక్కేయండి. డిప్లొమా నుంచి లాటరల్ ఎంట్రీలో వచ్చి బోర్డు మీద సర్క్యూట్ చకచకా కట్టేవాడు, తెలుగు మీడియం నుంచి వచ్చి ఏ విషయమైనా కథలా చెప్పగలిగే అమ్మాయి, ఇద్దరూ రెండో ఏడాదికే "నాకు కోడింగ్ రాదులే" అని చివరి బెంచీకి పోతున్నారు. రేపు ఇంటర్వ్యూలో కూర్చునేది టీమ్ కాదు, వాళ్లొక్కరే. నాలుగేళ్ల ఫీజు కట్టిన ఇంటికి ఆ ఒక్క మాట చాలా ఖరీదైనది.

కాబట్టి ఈ సెమిస్టర్‌లో ప్రతి సబ్జెక్టుకీ ఒక్క గంట అడుగుదాం. సార్ ఒప్పుకోకపోతే హాస్టల్ మెస్ ఎట్లాగూ ఉంది. నాలుగు చెంచాలు చాలు.