పిల్లల ఫోన్‌లో పేరెంటల్ యాప్ ఎందుకు ఆగిపోతుంది?

జంషెడ్‌పూర్‌లో ఉక్కు కర్మాగారం మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. బిష్టుపూర్, కదమా, సోనారి, టెల్కోల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ షిఫ్టుల లెక్క కొత్తేమీ కాదు. మధ్యాహ్నం రెండుకు డ్యూటీకెళ్లిన తండ్రి రాత్రి పది దాటాకే ఇల్లు చేరతాడు. ఈలోగా ట్యూషన్‌కు వెళ్లిన కూతురు ఎక్కడుందో చూద్దామని ఫోన్ తీస్తే, లొకేషన్ నాలుగు గంటల కింద ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. వెంటనే వచ్చే అనుమానం: యాప్ తీసేసిందా?

పిల్లను నిలదీసే ముందు ఫోన్‌ను అనుమానించడం మంచిది.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, వాడకుండా పక్కన పెట్టిన ఫోన్ ఛార్జింగ్ ఆదా చేసుకోవడానికి వెనకాల నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతోంది. షావోమీ, ఒప్పో, వివో, రియల్‌మీ, శాంసంగ్ వంటి కంపెనీలు దీనిపై తమ సొంత ఆంక్షలు కూడా జోడించాయి. తెర మీద కనిపించకుండా, రోజంతా వెనకాల పనిచేయాల్సిన నిఘా యాప్‌పైనే మొదటి వేటు పడుతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి ఇంకో చిక్కు: నెలల తరబడి ఎవరూ తెరవని యాప్‌కు ఇచ్చిన అనుమతులను ఫోన్ తనంతట తానే వెనక్కి తీసుకోవచ్చు. ఈ యాప్‌ను పిల్లలెందుకు తెరుస్తారు?

అందుకే పిల్లల ఫోన్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, యాప్స్‌లో ఆ యాప్‌ను ఎంచుకుని, బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టాలి. వాడని యాప్‌ను ఆపేసే మీటను ఆఫ్ చేయాలి. లొకేషన్‌కు 'అన్ని వేళలా' అనుమతి ఇవ్వాలి. 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని ఉంటే లాభం లేదు. రెడ్‌మీ, పోకో ఫోన్లలో 'ఆటోస్టార్ట్' ఆన్ చేయకపోతే, ఫోన్ రీస్టార్ట్ అయ్యాక యాప్ లేవకపోవచ్చు. శాంసంగ్‌లో దాన్ని ఎప్పటికీ నిద్రపుచ్చకూడని యాప్‌ల జాబితాలో చేర్చాలి. మిగతా కంపెనీల్లో పేర్లు మారతాయి, పని మాత్రం ఇదే. ఫోన్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఇవన్నీ మళ్లీ చూసుకోవాలి.

సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే ఫోన్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, లాక్ తీసి, ఛార్జర్ పెట్టకుండా ఓ మూడు గంటలు పక్కన పెట్టండి. ఆ తర్వాత మీ ఫోన్‌లో తాజా సమాచారం కనిపిస్తే సరే.

కొన్నిసార్లు కారణం ఇంకా చిన్నది. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో డేటా సాయంత్రానికే అయిపోతే నెట్ నత్తనడక నడుస్తుంది, కబురు అందదు. ఫోన్ గడియారాన్ని వెనక్కి తిప్పి స్క్రీన్ టైమ్ పరిమితిని దాటే చిట్కా పిల్లలకు బాగా తెలుసు. టైమ్‌ను ఆటోమేటిక్‌లో ఉంచి, దాన్ని మార్చే వీలుందేమో చూసుకోవాలి.

గూగుల్ ఫ్యామిలీ లింక్ పిల్లల గూగుల్ ఖాతాకే ముడిపడి ఉంటుంది కాబట్టి బయటి యాప్‌ల కంటే నిలకడగా పనిచేస్తుంది. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఫోన్ వ్యవస్థలోనే భాగం. దానికి పెట్టే పాస్‌కోడ్ ఫోన్ తెరిచే కోడ్ కాకూడదు, పిల్లల పుట్టిన తేదీ అసలే కాకూడదు.

ఇక 'పిల్లలకు తెలియకుండా' అంటూ ప్రకటనలిచ్చే రహస్య యాప్‌లు. వీటిలో చాలావరకు ప్లే స్టోర్ బయటి నుంచి దించుకోమంటాయి, ప్లే ప్రొటెక్ట్ రక్షణను ఆపేయమంటాయి. ఆ రక్షణ మళ్లీ ఆన్ అయిన రోజు యాప్ ఎగిరిపోవచ్చు. అంటే నమ్మకంగా పనిచేయడంలోనూ ఇవి వెనకబాటే. తల్లిదండ్రుల నిఘా యాప్‌లు తమ ఉనికిని దాచకూడదని, నోటిఫికేషన్ నిత్యం కనిపించాలని గూగుల్ 2020లోనే నిబంధన తెచ్చింది. సేకరించిన సమాచారానికి భద్రత లేకపోవడం మరో సమస్య: స్పైఫోన్ అనే యాప్ కంపెనీ నిఘా వ్యాపారమే చేయకుండా 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిషేధించింది. మన పిల్ల ఎప్పుడు ఎక్కడుంటుందో ఊరూపేరూ తెలియని సర్వర్‌లో పెట్టడం రక్షణ ఎలా అవుతుంది?

యాప్ ఉందని పిల్లకు చెప్పి పెట్టినప్పుడు రోజువారీగా ఒక సౌకర్యం కూడా ఉంది. అది ఆగిపోతే 'అమ్మా, ఇక్కడ ఎర్రగా ఏదో చూపిస్తోంది' అని తనే చెబుతుంది. ఏ సెట్టింగూ సరిచేయలేనిది ఒకటే, ఛార్జింగ్ అయిపోయిన ఫోన్. అందుకోసం ట్యూషన్ మాస్టారి నంబరు, పక్కింటి పిన్ని నంబరు రాసిన కాగితం పిల్ల బ్యాగులో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉండాలి.